మస్టాంగ్ భాగాల జాతకం

పోయినేడాది డెట్రాయిట్ దగ్గరున్న మా ఇంటి గరాజ్‌లోకి 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి వచ్చి చేరింది. సంగతి తెలిసి గుడివాడ నించి మా నాన్నగారు ఫోన్‌లో, "కొత్త కారు కొనుక్కునే స్తోమత ఉండి ఆ డొక్కు బండి ఎందుకురా?" అన్నారు. పగలంతా ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాములు బాగుచేసేవాడు రాత్రిపూట ఎవరో వాడి వదిలేసిన కారు బాగుచేస్తే తప్పేముందిలే అనుకున్నాను.

అమ్మినాయన "ఇంజన్ ఒరిజినల్" అని చెప్పి అందుకు మూడు వేల డాలర్లు ఎక్కువే పుచ్చుకున్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడంలో నేర్చుకున్నదే ఈ వ్యాసం. పాత కారు పునరుద్ధరణలో అసలు కష్టం రెంచీ తిప్పడంలో లేదు. ఏ భాగం ఈ కారుకి సరైనదో తెలుసుకోవడంలో ఉంది. కంపైల్ అయిన ప్రోగ్రామల్లా సరైనది కానట్టే, బోల్టు పట్టిన భాగమల్లా సరైనది కాదు.

ముందు కారెవరో తెలియాలి

మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న విడుదలైంది. 1964 ఆగస్టుకి ముందు తయారైనవీ, ఆ తరవాతవీ కాగితాల మీద 1965 మోడల్ కార్లే. కానీ ముందువాటిలో జనరేటర్ ఉంటే తరవాతవాటిలో ఆల్టర్నేటర్ ఉంటుంది. దాంతోపాటు వైరింగూ, రెగ్యులేటరూ మారిపోయాయి. కాబట్టి "1965 మస్టాంగ్‌కి వైరింగ్ కావాలి" అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు.

నా కారు నంబరు 5ఎఫ్07సి అని మొదలవుతుంది. 5 అంటే 1965 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్, సి అంటే రెండు బారెళ్ళ కార్బ్యురేటర్ ఉన్న 289 ఇంజన్. డ్రైవర్ తలుపుకి ఉన్న రేకు మీద తేదీ 22సి, అంటే మార్చి 22. అయితే తలుపు ఊడదీసి ఇంకోటి బిగించడం ఎంతసేపు? అందుకని బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు లోపలి రేకు మీద కొట్టిన నంబరుతో దీన్ని సరిచూసుకోవాలి. నాకు రెండూ ఒకటే వచ్చాయి.

పార్టు నంబరు చదవడం

ఫోర్డ్ వారి నంబర్ల పద్ధతి చూస్తే డేటాబేస్ వాళ్ళకి ముచ్చటేస్తుంది. నా ఇంజన్ బ్లాకు మీద, స్టార్టర్ పైభాగాన, సి5ఏఈ-6015-ఈ అని పోత అక్షరాలున్నాయి. మొదటి సి అంటే 1960 దశకం, 5 అంటే 1965. మూడో అక్షరం ఏ కారు కోసం డిజైన్ చేశారో చెబుతుంది. నాలుగోది ఈ, అంటే ఇంజన్ విభాగం. మధ్యలోని 6015 భాగం రకం, అంటే ఇంజన్ బ్లాకు. అదే 9510 అయితే కార్బ్యురేటర్. చివరి అక్షరం వెర్షన్ లాంటిది.

నేను మొదట బోల్తా పడింది మూడో అక్షరం దగ్గర. మస్టాంగ్‌కి జెడ్ ఉండాలి కదా, ఏ అంటే పెద్ద కార్లది కదా అని నా బ్లాకునే అనుమానించాను. నిజానికి అది ఏ కారు కోసం ముందు గీశారో చెబుతుందే తప్ప, ఏ కారులో బిగించారో చెప్పదు. మస్టాంగ్ పుట్టిందే ఫాల్కన్ పునాది మీద. అందులో ఫాల్కన్ నించీ, పెద్ద కార్ల నించీ వచ్చిన భాగాలు బోలెడు.

ఇంకో చిక్కుంది. భాగం మీద పోసేది ఇంజనీరింగ్ నంబరు, డీలరు దగ్గర పెట్టె మీద ఉండేది సర్వీస్ నంబరు. రెండూ ఒకటి కానక్కర్లేదు. వీటిని కలిపి చదవడానికి ఫోర్డ్ మాస్టర్ పార్ట్స్ కేటలాగ్ దగ్గరుండాలి.

తేదీ చెప్పిన నిజం

నంబరు సరిపోయింది కదా అని సంబరపడుతుంటే, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మా పక్కింటి పెద్దాయన "తేదీ చూశావా?" అన్నాడు. ఒకే నంబరుతో ఏళ్ళ తరబడి బ్లాకులు పోశారు మరి. బ్రష్‌తో గీకితే 6ఏ14 అని కనిపించింది. ముందు సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత రోజు. నెలకో అక్షరం, ఒకటి అంకెలా కనిపిస్తుందని ఐ వాడలేదు. అంటే నా బ్లాకు పోసింది 1966 జనవరి 14న. కారు పుట్టిన పది నెలలకి! మూడు వేల డాలర్లకి నీళ్ళొదులుకున్నాను.

మామూలు 289 ఇంజన్ల మీద ఆ రోజుల్లో కారు నంబరు కొట్టలేదు. ఒక్క కె కోడు హై పెర్ఫార్మెన్స్ ఇంజన్లకే కొట్టారు. కాబట్టి 1965 సి కోడు కారుకి ఎవరైనా "నంబర్లు కలిశాయి" అంటే, మహా అయితే తేదీలు పొసిగాయని అర్థం. 1967 మోడల్ నించి అయితే ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు మార్టి ఆటో వర్క్స్ దగ్గరున్నాయి, డబ్బు కడితే రిపోర్టు ఇస్తారు. 1965కి ఆ అదృష్టం లేదు.

ఒరిజినల్, కరెక్ట్

నాలుగు నెలలు వెతికితే 5బి26 తేదీ ఉన్న బ్లాకు దొరికింది. 1965 ఫిబ్రవరి 26 అన్నమాట. కారుకి మూడు వారాల ముందు. పక్కింటాయన అది చూసి, "ఇది పెడితే ఒరిజినల్ కాదని ఎవడూ నిరూపించలేడు" అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. పోయిన డబ్బు అమ్మేటప్పుడు రాబట్టుకోవచ్చు మరి! కానీ నాకు జరిగింది కూడా అదే కదా.

ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించింది ఒరిజినల్. అదే రకం, తేదీ పొసిగేది కరెక్ట్. ఈ మధ్య కొత్తగా చేసింది రీప్రొడక్షన్. ఈ మూడింటినీ కలిపేయడమే అసలు మోసం.

ఆ బ్లాకు బిగించాను. గరాజ్‌లోని నోటు పుస్తకంలో "కరెక్ట్, ఒరిజినల్ కాదు" అని తేదీతో, ఫోటోలతో రాశాను. 1966 బ్లాకుకి చీటీ కట్టి మూలన పెట్టాను, కారుతోపాటే అదీ వెళుతుంది. మన కోడులో ఎందుకు మార్చామో రాయకుండా వదిలేస్తే తరవాత వచ్చేవాడు పడే అవస్థ మనకి తెలియనిదా?

మీరూ ఇలాంటి బండి మీద మనసు పడితే, డబ్బిచ్చేముందు ఒక టార్చిలైటూ, ఒక వైర్ బ్రష్షూ పట్టుకెళ్ళండి. ముందు కారు తేదీ, తరవాత భాగం నంబరు, ఆ తరవాత భాగం తేదీ చూడండి. అమ్మేవాడు చెప్పే కథ చివర్న వినొచ్చు.