విష్ణుక్రాంతం: పేరు, ఆనవాలు

ఖమ్మం నుండి భద్రాచలం వైపు సాగే అడవి అంచులలో, గడ్డి పలుచగా మొలిచే నేలలపై వానకాలంలో ఒక చిన్న నీలి పువ్వు వికసిస్తుంది. దాని వెడల్పు ఒక సెంటీమీటరైనా ఉండదు. నిలబడి చూసేవారికి అది గడ్డిలో నీలపు చుక్క. అదే విష్ణుక్రాంతం.

‘క్రాంత’ శబ్దానికి అడుగు మోపబడినది, ఆక్రమింపబడినది అని అర్థాలు. మూడడుగులతో ముల్లోకాలను కొలిచిన విష్ణువు పేరు ఇంత చిన్న మొక్కకు అమరడం విశేషం. వినాయక చవితినాడు సమర్పించే 21 పత్రాలలో విష్ణుక్రాంతం ఒకటి. ఆయుర్వేదంలో జ్ఞాపకశక్తిని పెంచే మూలికగానూ దీనికి ప్రసిద్ధి ఉంది.

అయితే ఈ పేరు ఒక్క మొక్కకే పరిమితం కాలేదు. భావప్రకాశ నిఘంటువు ‘విష్ణుక్రాంత’ శబ్దాన్ని అపరాజితకు, అనగా మన దింటెన తీగకు, పర్యాయపదంగా చెప్పింది. ‘శంఖపుష్పి’ అనే మూలిక విషయంలోనూ ఇదే చిక్కు. కేరళలో ఆ పేరుతో దింటెనను వాడుతారు. ఉత్తర భారతంలో మరొక మొక్కను వాడుతారు. కొన్నిచోట్ల విష్ణుక్రాంతాన్నే ఆ పేరుతో అమ్ముతారు. పేరును మాత్రమే నమ్మి మందు కొన్నవానికి ఏ మొక్క దక్కుతుందో చెప్పలేము. కనుక ఆనవాళ్లు తెలియాలి.

మొదటి ఆనవాలు కాండం. దింటెన ఆధారాన్ని చుట్టుకొని పైకి పాకుతుంది. విష్ణుక్రాంతం దేనినీ చుట్టుకోదు. సన్నని కొమ్మలు నేలపై నలుదిక్కులకూ పరచుకొంటాయి. లిన్నేయస్ 1753లో దీనిని ‘చుట్టుకొనేది’ అనే అర్థం గల కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చాడు. 1762లో ‘ఎవోల్వులస్’ ప్రజాతికి మార్చాడు. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం చుట్ట విప్పుకోవడం. శాస్త్రనామమే ఈ లక్షణాన్ని చెబుతున్నది.

రెండవది ఆకు. దింటెనలో ఒక్కొక్క ఆకు అయిదు లేక ఏడు చిన్న పత్రకాలుగా విడివడి ఉంటుంది. విష్ణుక్రాంతం ఆకు చిన్నది, విడివడనిది; దానిపై పట్టువంటి నూగు ఉంటుంది.

మూడవది పువ్వు. దింటెన పువ్వు చిక్కుడు జాతి పువ్వు, పెద్దది. విష్ణుక్రాంతంలో ఆకర్షణపత్రాలు అయిదూ కలసి చిన్న పళ్లెంలా విచ్చుకొంటాయి. నడుమ తెల్లగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే రెండు కీలాలు, ఒక్కొక్కటి రెండుగా చీలి కనిపిస్తాయి. కన్వాల్వులస్‌లో కీలం ఒక్కటే. ఉదయం విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకొంటుంది కాబట్టి పరిశీలన ఉదయమే జరగాలి.

ఈ ఆనవాళ్లలో దేనికీ మొక్కను పెకలించనక్కరలేదు. కిన్నెరసాని వంటి అభయారణ్యాలలో అనుమతి లేకుండా మొక్కలను సేకరించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తున్నది కూడా. తెలియక పెకలించినవాడు మందునూ పొందడు, మొక్కనూ మిగల్చడు. వంగి చూసి పోల్చుకొన్నవానికి మరుసటి ఏడూ ఆ నీలిచుక్క అక్కడే కనిపిస్తుంది.