బోరు నీరు, మగ్గాల గది గాలి



ఏ నీటిలో పట్టు మెత్తగా ఉడుకునో, ఏ నీటిలో రంగు చక్కగా పట్టునో మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. కాని రంగు, రుచి, వాసన ఏవియు లేక నీటిలో దాగియుండు రెండు వస్తువులు కలవు. ఒకటి యురేనియం, రెండవది రేడాన్ అను వాయువు. బెంగుళూరులో బోరు నీటిపై ఆధారపడిన ప్రతి నేత కుటుంబము వీనిని గురించి తెలిసికొనుట అవసరము.

ఇవి ఎక్కడినుండి వచ్చును? మన ఊరు అతి ప్రాచీనమైన రాతిపై నిలిచియున్నది. లాల్‌బాగ్ గుట్ట ఆ రాయియే. దాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. ఇట్టి రాళ్లలో యురేనియం కొద్దిగా ఉండును. అది క్రమముగా క్షీణించగా రేడియం, రేడియం నుండి రేడాన్ పుట్టును. నాటి చేదబావులలో నీరు పైపైన ఊరెడిది, గాలి తగిలెడిది. నేడు లోతు బోర్లు రాతి పగుళ్లలోని నీటినే నేరుగా పైకి తెచ్చుచున్నవి.

బెంగుళూరులోని కొన్ని ప్రాంతముల భూగర్భ జలములను పరీక్షించి 2010లో ప్రకటించిన పరిశోధనలో లీటరుకు సుమారు 56 మొదలు 1189 బెక్వెరెల్‌ల వరకు రేడాన్ కనబడినది. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైనచో అది ఒక బెక్వెరెల్. యురేనియం విషయములో మన దేశపు త్రాగునీటి ప్రమాణము లీటరుకు 30 మైక్రోగ్రాములు. తూర్పు కర్ణాటకలో భారత విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించిన 73 గ్రామములలో 57 ఆ హద్దును మించినవని 2022లో పత్రికలలో వచ్చినది.

ఈ రెంటి హాని ఒకటి కాదు. యురేనియం త్రాగుటవలన మూత్రపిండములు చెడును. రేడాన్ పీల్చుటవలన ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావచ్చును. పొగ త్రాగువారికి ఈ ముప్పు అనేక రెట్లు హెచ్చు. లీటరుకు 1000 బెక్వెరెల్‌లున్న నీటిని ఇంట వాడినచో ఇంటి గాలిలో ఘనపు మీటరుకు సుమారు 100 చేరునని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి గాలికి సూచించిన మేరయు ఆ 100 మాత్రమే.

ఇక మన వృత్తి సంగతి. రేడాన్ నీటినుండియే కాక నేల పగుళ్లనుండియు ఇంటిలోనికి వచ్చును. గుంట మగ్గము నేలలోనికి త్రవ్వినది. పడుగు ఆరిపోవునని, పోగులు తెగునని కిటికీలు మూయుట మనకు అలవాటు. అదే గదిలో బోరు నీటితో పట్టు ఉడికించినచో నీటిలోని రేడాన్ ఆవిరితోపాటు గాలిలో కలియును. ఆ గాలినే పగలంతయు మనము, మన బిడ్డలు పీల్చుదుము.

నివారణ మన చేతిలోనే ఉన్నది. కాని ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. నీరు కాచినచో రేడాన్ పోవును. యురేనియం పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. యురేనియమును తీయుటకు ఆర్.ఓ. యంత్రము పనికివచ్చును. దానినుండి బయటికి పోవు నీటిని త్రాగుటకు, వంటకు వాడరాదు.

కావున ఈ క్రింది పద్ధతులు పాటింపుడు. కావేరి కుళాయి ఉన్నవారు త్రాగుటకు, వంటకు ఆ నీటినే వాడవలెను. పట్టు ఉడికించుట, అద్దకము ఆరుబయట గాని, ధారాళముగా గాలి ఆడు చోట గాని చేయవలెను. మగ్గము ఎక్కుటకు ముందు, మధ్యాహ్న విరామమున, సాయంకాలము తలుపులు, కిటికీలు బార్లా తెరవవలెను. నేల బీటలను సిమెంటుతో పూడ్చవలెను.

అన్నిటికంటె ముందు నీటి పరీక్ష. మామూలు పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు వంటివి తెలియును గాని యురేనియం తెలియకపోవచ్చును. దానిని ప్రత్యేకముగా అడగవలెను. ఒకే బోరు నీరు వాడు పది ఇండ్లవారు కలిసి పరీక్ష చేయించినచో ఖర్చు ఒక్కరిమీద పడదు.

భయపడి మగ్గము దిగనక్కరలేదు. చీరలో ఒక పోగు తెగిన వెంటనే కనిపెట్టి ముడివేయు మనము, ఇంటిల్లిపాది పీల్చు గాలిని, త్రాగు నీటిని ఆమాత్రము కనిపెట్టి ఉండలేమా?