తలలో రెండు భాషలు

పల్నాటి మిరప చేలలో లంబాడీ స్త్రీలు తమలో తాము లంబాడీ మాటలాడుచు కాయలు కోయుచుందురు. రైతు గట్టుమీదికి రాగానే కూలి సంగతి తెలుగున సాగును. ఈ మార్పునకు రెప్పపాటు కాలము పట్టదు. వారిలో బడి మొగమెరుగని వారును కలరు.

ఈ రెండు భాషలు ఒక కుటుంబమునవి కావు. తెలుగు ద్రావిడ భాష. లంబాడీ రాజస్థానీకి దగ్గరి బంధువైన ఆర్యభాష. నీళ్ళను వారు 'పాణి' యందురు. మాటల వరుస మాత్రము రెంటను ఒకటే: కర్త, కర్మ, చివర క్రియ. కావున లంబాడీ బిడ్డకు వాక్యపు చట్రము క్రొత్త కాదు. చిక్కంతయు లింగముతో వచ్చును. లంబాడీలో వస్తువులు సైతము ఆడవో మగవో కావలెను. తెలుగులో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బండి వచ్చింది' అన్నిటికి ఒకే క్రియ. బహువచనమున మాత్రము స్త్రీలు ఒక్క గంతున పురుషుల పక్షము చేరి 'వచ్చారు' అగుదురు! ఎవరును చెప్పకయే నేర్చితిమి గనుక మనకిది వింతగా తోచదు. చిన్ననాట రెండును వినుచు పెరిగిన బిడ్డయు అట్లే సూత్రమెరుగకయే పట్టుకొనును.

ఒక భాష మాటలాడునపుడు రెండవది నిద్రించునా? 1999లో స్పైవీ, మారియన్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో రష్యన్, ఇంగ్లీషు రెండును వచ్చినవారి కంటిచూపును గమనించిరి. రష్యన్‌లో తపాలాబిళ్ళను 'మార్కా' అందురు. బిళ్ళను తీయుమని రష్యన్‌లో చెప్పగా వారి చూపు పలుమార్లు ప్రక్కనున్న 'మార్కర్' కలముపైకిని పోయినది. ఇంగ్లీషు ప్రసక్తియే లేదు! అనగా రెండు భాషలును మేలుకొనియే యుండును. ఒకదానిని అణచి రెండవదానిని పలికించుట మెదడు పని. ఇందు నొసటి వెనుకనున్న భాగమునకు ముఖ్య పాత్ర కలదు. అందుచే మాట అందుటకు సెకనులో స్వల్పభాగము ఆలస్యమగుటయు, నోటిదాక వచ్చిన మాట నిలిచిపోవుటయు ఇట్టివారికి కొంత హెచ్చు. ఇది మందబుద్ధి కాదు. తండానుండి బడికి వచ్చి మౌనముగా కూర్చున్న బిడ్డను అట్లు తలచిన పంతుళ్ళు లేకపోలేదు.

ఈ శ్రమకు ప్రతిఫలమున్నదా? హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా అను మతిమరపు వ్యాధికి లోనైన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకటికి మించి భాషలు వచ్చినవారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడచూపినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. కావున దీనిని కేవలము చదువు మహిమ యనుటకు వీలులేదు. అయితే అన్ని దేశముల పరిశోధనలును ఇదే ఫలితము నీయలేదు. వాదము ఇంకను తెగలేదు.

బడి విషయమున మాత్రము కొంత పని జరిగినది. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన బాలురకు మాతృభాషలో చదువు మొదలిడినపుడు ఎంచుకొన్న ఎనిమిది భాషలలో బంజారా, అనగా ఈ లంబాడీయే, ఒకటి. దానికి సొంత లిపి లేనందున తెలుగు అక్షరములనే వాడిరి. 'పాణి' యని వ్రాయ నేర్చిన బిడ్డ, 'నీళ్ళు' అని వ్రాయుటకు మరల అక్షరాభ్యాసము చేయనక్కరలేదు.