మింగినవాడి ఇంట్లోనే కాపురం

చూడి ఆవు ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఉన్నట్టుండి ఈసుకుపోతుంది. అంతకుముందు మేత మానలేదు, నెమరు ఆపలేదు. మాయ ఓ పట్టాన పడదు. పడ్డాక చూస్తే తోలులా దళసరెక్కి ఉంటుంది. అందులో కోట్లకు కోట్లుగా కిక్కిరిసి ఉండేది బ్రూసెల్లా అబార్టస్ అనే బాక్టీరియా. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ దాన్ని పట్టుకున్నాడు. అది కణం లోపల సరిగ్గా ఏ మూల తలదాచుకుంటుందో తేలడానికి మాత్రం దాదాపు మరో వందేళ్లు పట్టింది. అది దాక్కునేది, ఆవును కాపాడాల్సిన కణంలోనే!

ఈసుకుపోయిన పశువు స్రావాలతో తడిసిన గడ్డి మేస్తే చాలు, బ్రూసెల్లా నోటి గుండా లోపలికి దిగుతుంది. కాపలా తిరిగే మాక్రోఫేజ్ కణం దాన్ని చుట్టుముట్టి మింగేస్తుంది. పల్చటి పొరసంచిలో బంధించి, ఆ సంచిలో ఆమ్లం నింపుతుంది. ఆపైన జీర్ణరసాలున్న లైసోజోమ్ వచ్చి కలిస్తే పని పూర్తయినట్టే. మింగినవాటిలో చాలామటుకు అక్కడే చస్తాయి కూడా.

మిగిలే ఆ కొన్నింటిదే వింతంతా. పులుపు తగలగానే, అప్పటిదాకా పడుకున్న విర్‌బి అనే 12 జన్యువుల వరుస మేలుకుంటుంది. కుమ్మరి ఆములో పచ్చికుండలా, కాల్చబోయిన చోటే బ్రూసెల్లా గట్టిపడుతుంది. సన్నటి గొట్టాల్లాంటి నిర్మాణాలు కట్టుకుని, సంచి గోడ దాటించి తన ప్రొటీన్లను కణంలోకి పంపుతుంది. సంచి దారి మళ్లి, కణం తన సొంత ప్రొటీన్లు తయారుచేసుకునే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కు చేరుతుంది. ఆ పొరలే కప్పుకుని బ్రూసెల్లా ఒకటికి రెండు, రెండుకు నాలుగుగా పెరుగుతుంది. పాడైన కణం తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు ఒకటుంది, దాన్నీ సాగనివ్వదు. మెదడే లేనిదానికి తెలివి అంటగట్టకూడదు గానీ, మరేమనాలో తోచదు.

ఇక చూలు నిలిచిన ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే తియ్యటి పదార్థం పోగవుతుంది. బ్రూసెల్లాకు గ్లూకోజు కన్నా అదే ప్రీతి. మాయలోనే అంతగా విజృంభించడానికి అదొక కారణం.

ఆ తీపి గిట్టని బ్రూసెల్లా కూడా ఒకటుంది. 1923లో జాన్ బక్ ఓ జెర్సీ ఆవు పాలలోంచి తీసిన వంగడం, ప్రయోగశాలలో మామూలు వేడిలో ఏడాదికి పైగా ఉండిపోయింది. మళ్లీ చూస్తే బతికే ఉంది, కోరలు మాత్రం ఊడాయి. ఎరిత్రిటాల్ తగిలితే దాని ఎదుగుదల ఆగిపోతుంది. మన ఊళ్లలో 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే ఎస్-19 టీకా అదే. అయినా ప్రాణమున్న బాక్టీరియా కదా, చూడి పశువులకూ కోడెదూడలకూ వెయ్యరు. వేసేటప్పుడు డాక్టరు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుంటారు. సూది జారి వేలికి గుచ్చుకుంటే మనిషికీ బ్రూసెల్లా జ్వరం రావచ్చు.