ఎర్ర త్రికోణం ఆగేదాకా

ఇంటి కప్పులో జోరున వాన కురుస్తున్న చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే బయట చినుకు లేదు. వాకిట్లో మంచు గడ్డకట్టి తెల్లగా మెరుస్తోంది. అది 2021 ఫిబ్రవరి 18, గురువారం, పొద్దున పది దాటింది. టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో మా ఇల్లు. మావారు వాళ్ళ నాన్నగారి ఆపరేషన్ కోసం గుంటూరు వెళ్ళి ఉన్నారు. ఇంట్లో నేను, తొమ్మిదేళ్ళ మా బాబు, తెనాలి నుంచి వచ్చిన అమ్మ.

ఆ వారం టెక్సస్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. 15వ తేదీ తెల్లవారుజామున, గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా ఉండడానికి రాష్ట్రమంతా కరెంటు కోతలు మొదలుపెట్టారు. 45 లక్షల పైచిలుకు ఇళ్ళూ దుకాణాలూ చీకట్లో పడ్డాయి. 16న డాలస్‌లో చలి మైనస్ 2 ఫారన్‌హీట్‌కి దిగింది. మన లెక్కలో దాదాపు మైనస్ 19 డిగ్రీలు. మా ఇంట్లో లోపలే 42 ఫారన్‌హీట్. ముగ్గురం ఒకే గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. బుధవారం రాత్రి కరెంటు వచ్చింది, హీటరు తిరిగింది, ఇల్లు వెచ్చబడింది. గండం గడిచిందనుకుని అమ్మ ఆ రాత్రే ఉప్మా చేసింది. అసలు గండం మర్నాడు వచ్చింది.

పైపు గడ్డకట్టినప్పుడు మనకేమీ తెలియదు. కుళాయి తిప్పితే నీళ్ళు రావు, అంతే. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే పైపు పగులుతుందని నేనూ అనుకునేదాన్ని. అసలు జరిగేది వేరు. మంచు ముద్ద పైపులో బిరడాలా బిగుసుకుని, పెరిగేకొద్దీ తన ముందున్న నీళ్ళను మూసివున్న కుళాయి వైపు నెడుతుంది. వాటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఆ రెంటి మధ్యా ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ రాగి పైపు చీలిపోతుంది. అప్పటికింకా మంచు అడ్డంగా ఉంటుంది కాబట్టి చుక్క కారదు. ఇల్లు వెచ్చబడి మంచు కరిగాక, ఆ చీలికలోంచి ఊరి నీళ్ళన్నీ ఇంట్లోకి వస్తాయి. చలిరాత్రి కుళాయిని సన్నని ధారగా వదిలిపెట్టమని చెప్పేది అందుకే. ధార పోతున్నంతసేపూ ఆ ఒత్తిడికి బయటికి దారి ఉంటుంది.

నేను వంటింట్లో కుళాయి వదిలాను, మా స్నానాలగదిలో వదిలాను. చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని చివరి స్నానాలగది నాకు గుర్తే రాలేదు. పైపు పగిలింది సరిగ్గా ఆ గదికి వెళ్ళే దారిలోనే.

ఇక్కడి ఇళ్ళ కట్టుబడి గురించి ఒక మాట చెప్పాలి. టెక్సస్ ఇళ్ళు ఎండను తట్టుకునేలా కట్టినవి. నేల కింద గది ఉండదు. కాంక్రీటు పలక మీదే ఇల్లు నిలబడుతుంది. మాలాంటి చాలా ఇళ్ళలో నీళ్ళ పైపులు ఇంటి నెత్తిన, ఆటిక్‌లో పోతాయి. ఆటిక్ అంటే మన అటకే. మాటలు రెండూ దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి అమ్మకి వెంటనే అర్థమయింది. ఆ అటకలో హీటరు వేడి ఉండదు. బయటి చలి బయటున్నట్టే లోపలా ఉంటుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అటకల్లో తొడుగు లేని పైపులు పెట్టి పరీక్షించి, బయట 20 ఫారన్‌హీట్‌కి, అంటే మైనస్ 7 సెల్సియస్ దరిదాపులకి పడిపోతే జాగ్రత్తపడాలని తేల్చారు. మాకు ఆ వారం అంతకన్నా ఎంతో కిందికి పోయింది.

చప్పుడు విని నేను పరుగెత్తింది ఆ స్నానాలగదికే. వాష్‌బేసిన్ కింద రెండు చిన్న వాల్వులు, కమోడ్ పక్కన ఒకటి. మూడూ బిగించాను. వాన ఆగలేదు. ఆ వాల్వులు తమ తర్వాతనున్న కుళాయికి మాత్రమే నీళ్ళు ఆపుతాయి. పగిలింది వాటికంటే ముందు, నెత్తిమీద.

"మెయిన్ కట్టెయ్యవే ముందు! ఎక్కడుందది?" అని అమ్మ అరిచింది.

ఎక్కడుందో నాకు తెలియదు. ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్ళు. బ్రేకర్లు గరాజ్‌లో ఉన్నాయని తెలుసు, వై-ఫై పెట్టె ఎక్కడుందో తెలుసు. నీళ్ళు ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరినీ అడగలేదు.

తెనాలిలో ఆ అవసరం రాలేదు. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని మొదట్లో గేట్ వాల్వు. పిల్లలకు కూడా తెలుసు. ఎవరూ కట్టకపోయినా ట్యాంకు ఖాళీ అయితే నీళ్ళు వాటంతటవే ఆగుతాయి. పైగా ఆ నీళ్ళు ఎత్తు నుంచి దిగేవి. కుళాయికి పదడుగుల ఎత్తున ట్యాంకు ఉంటే వచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి నాలుగు పౌన్ల పైచిలుకు, అంతే. అమెరికాలో ఊరి పైపులోంచి నేరుగా ఇంట్లోకి వచ్చే ఒత్తిడి మామూలుగా 40 నుంచి 80 పౌన్లు. 80 దాటితే తగ్గించే వాల్వు పెట్టాలని నిబంధన. తర్వాత నేను తోట కుళాయికి గేజీ బిగించి చూస్తే మా ఇంట్లో 65 ఉంది. తెనాలి ట్యాంకుకి పదిహేను రెట్లు. ఖాళీ కావడానికి ఇక్కడ ట్యాంకూ లేదు. మనం కట్టేదాకా వస్తూనే ఉంటాయి.

కప్పుకి వేసిన షీట్‌రాక్ పలక, అంటే జిప్సం అట్ట, నీళ్ళు తాగి కడవ అడుగులా కిందికి ఉబ్బింది. అది ఒక్కసారిగా ఊడిపడితే మనిషి మెడ విరుగుతుంది. ఆ దీపాల బ్రేకర్ ఆపేసి, పెద్ద బకెట్టు కింద పెట్టి, ఉబ్బు నడిమధ్య స్క్రూడ్రైవరుతో పొడిచాను. నీళ్ళు ఒక తాడులా దిగాయి. బకెట్లు మార్చే పని అమ్మది. బాబుని పక్కింటికి పంపాను.

పక్కింటి పెద్దాయన డెబ్భై దాటినవాడు. ఇనప కడ్డీ ఒకటి పట్టుకుని వచ్చాడు. నడుమెత్తు పొడవు, పైన టీ ఆకారంలో పిడి, కింద చీలిన కొస. దాన్ని మీటర్ కీ అంటారు. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. రోడ్డు పక్కన మా పచ్చికలోనే, మంచు కింద, మీటరు పెట్టె ఉంది. మూత గడ్డకట్టి అంటుకుపోతే సుత్తితో తట్టి లేపాడు. లోపల మీటరు ముఖం మీద గోరంత ఎర్ర త్రికోణం గిర్రున తిరుగుతోంది. ఇంట్లో ఏ మూల చుక్క పోతున్నా అది తిరుగుతుంది. పక్కనే వాల్వు తల. దానిమీది గాడి పైపు వెంట నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కడ్డీ కొసను దానికి తగిలించి పావు చుట్టు తిప్పాడు. త్రికోణం నెమ్మదించి, ఒకసారి వెనక్కూగి, నిలిచిపోయింది.

ఇంట్లోకొచ్చి కుళాయిలన్నీ తెరవమన్నాడు, పైపుల్లో మిగిలింది దిగిపోవాలి కదా. నీళ్ళు వేడిచేసే గీజరు కూడా ఆపించాడు. నీళ్ళు రాని గీజరు మండుతూ ఉంటే పాడైపోతుంది. చప్పుడు మొదలయ్యి అప్పటికి నలభై నిమిషాలు. నిమిషానికి ఏడు గ్యాలన్ల చొప్పున వేసుకున్నా 280 గ్యాలన్లు, వెయ్యి లీటర్ల పైమాటే. మా తెనాలి ట్యాంకు నిండుగా తెచ్చి నడవలో కుమ్మరించినట్టు.

ప్లంబర్ల కోసం ఫోన్లు మొదలుపెట్టాను. మొదట దొరికినవాళ్ళు తొమ్మిది రోజుల తర్వాతి తేదీ ఇచ్చారు. ఒకతను గంటలో వస్తానన్నాడు. గడప తొక్కడానికే 400 డాలర్లు నగదు అడిగాడు. లైసెన్సు నంబరు అడిగితే ఫోన్ పెట్టేశాడు. టెక్సస్‌లో ప్లంబర్లకు రాష్ట్ర బోర్డు లైసెన్సు ఇస్తుంది, పని చేయించే మాస్టర్ ప్లంబర్ నంబరు బండి మీద రాసి ఉండాలి, బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ వారం గిరాకీ తట్టుకోలేక, బయటి రాష్ట్రాల ప్లంబర్లు కూడా వచ్చి పనిచేసేలా నిబంధనలు సడలించారు. అలాంటి రోజుల్లోనే నంబరు అడగడం మరీ అవసరం.

మరో సంగతి, ఫోన్లో వాళ్ళు అడిగే ప్రశ్నలు. ఇల్లు కాంక్రీటు పలక మీదుందా, దిమ్మెల మీదుందా? పైపు రాగిదా, పెక్స్ అనే ప్లాస్టిక్‌దా? అరంగుళమా, ముప్పావా? మెయిన్ కట్టారా? జవాబులు చెప్పగలిగినవాళ్ళకి మనిషి తొందరగా వస్తాడు. సరైన సామానుతో వస్తాడు.

చివరికి ఆదుకున్నది మా వీధి చివరనుండే నల్లగొండ అన్న. వాట్సాప్‌లో నా మెసేజ్ చూసి ఫోన్ చేశాడు.

"చెల్లె, పరేషాన్ గాకు. రాగి పైపేనా? అరంగుళంది కప్లింగులు నా దగ్గర రెండున్నయ్. నేనొస్తున్న."

టెక్సస్ చట్టంలో సొంత ఇంట్లో ఉంటున్న యజమాని తన ప్లంబింగ్ పని తాను లైసెన్సు లేకుండా చేసుకోవచ్చు. ఆయన పక్కన ఉండి చెప్పాడు, పని నాచేతే చేయించాడు. అటకలో దూలాల మీద పలక పరుచుకుని మోకాళ్ళ మీద పాకాం. గాజుపీచు తడిసి బురదలా అయింది. పైపుకి అడుగున చీలిక కనబడింది, బొటనవేలంత పొడవు, చేప నోరు తెరిచినట్టు. ఏదీ ముట్టుకోకముందే ఫొటోలు తీయమన్నాడు, ఇన్సూరెన్సుకి. తర్వాత గుండ్రటి కట్టర్ పైపుకి బిగించి, తిప్పుతూ, ప్రతి రెండు చుట్లకీ కాస్త బిగిస్తూ, చీలికకి అటూ ఇటూ కోశాను. కోసిన అంచుల గరుకు తీసి వేలితో తడిమి చూడమన్నాడు. గరుకు మిగిలితే కప్లింగు లోపలి రబ్బరు వాషరు తెగుతుంది. తీసేసిన ముక్క స్థానంలో కొత్త రాగి ముక్క, దాని రెండు కొసలకీ షార్క్‌బైట్ అనే నొక్కుడు కప్లింగులు. అవి ఎంత లోపలికి దిగాలో పైపు మీద పెన్నుతో గీత పెట్టి, ఆ గీత దాకా గట్టిగా నెట్టాలి. లోపలి ఉక్కు పళ్ళు పైపుని కరుచుకోవడం చేతికి తెలుస్తుంది. రాగిని టంకం పెట్టి అతకాలంటే పైపులో తడి ఉండకూడదు. ఈ కప్లింగుకి ఆ పట్టింపు లేదు. అందుకే ఆ వారం షాపుల్లో వీటి అరలు ఖాళీ.

కప్లింగు, ఎల్బో, టీ, యూనియన్... ఈ మాటలన్నీ మా తెనాలి ప్లంబరు నోట చిన్నప్పటి నుంచీ విన్నవే. మాటలు ఒకటే గానీ మరలు వేరు. ఇది ఇండియా నుంచి హెల్త్ ఫాసెట్ తెచ్చుకునేవాళ్ళకి మరీ చెప్పాలి. మొదట అద్దె అపార్టుమెంటులో ఉన్నప్పుడు నేనూ తెచ్చుకుని బిగించాను. మన అరంగుళం మర బ్రిటిష్ కొలత, ఇక్కడిది అమెరికన్ కొలత. రెంటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది. కానీ మర పళ్ళ కోణం మన దాంట్లో 55 డిగ్రీలు, ఇక్కడ 60. ఎంత టేపు చుట్టినా చెమ్మ కారుతూనే ఉంటుంది. పైగా కమోడ్ ట్యాంకు కిందుండే మర ఇక్కడ ముప్పావు కూడా కాదు, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. ఆ సామాను ఇక్కడే కొనుక్కోవడం మేలు, పాతిక ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది.

సాయంత్రానికి, కుళాయిలన్నీ కట్టేశాక, పెద్దాయన మళ్ళీ వాల్వు తిప్పాడు, కొద్దికొద్దిగా. నేను అటకలో టార్చితో కప్లింగుల మీద కాగితపు టవలు చుట్టి కూర్చున్నాను. పావుగంట చూశాను. కాగితం పొడిగానే ఉంది. కిందినుంచి అమ్మ "త్రికోణం ఆగిందా?" అని అడుగుతోంది. వాకిట్లోంచి బాబు ఆగిందని అరిచాడు.

మిగతా పని ఇంకా పెద్దది. తడి ఆరకపోతే 24 నుంచి 48 గంటల్లో బూజు పడుతుంది. ఆ రాత్రే తడిసిన పీచు సంచుల్లో నింపి, నాని జావైన షీట్‌రాక్ కోసి, ఫ్యాన్లు పెట్టాం. ఇన్సూరెన్సు హఠాత్తుగా పగిలిన పైపు వల్ల జరిగిన నష్టానికి ఇస్తుంది, నెలల తరబడి కారిన దానికి ఇవ్వదు. పగిలిన పైపు ముక్క పారేయవద్దని కూడా అన్నే చెప్పాడు. మా వాటా పోను కప్పుకీ నేలకీ డబ్బు వచ్చింది.

విదేశంలో ఎవరు కొత్త ఇంట్లో చేరినా నేను అడిగేది ఒక్కటే, నీళ్ళు ఎక్కడ కట్టాలో చూశారా అని. ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలికి దాని పేరు స్టాప్‌కాక్. వాళ్ళింట్లో వంటింటి సింకు కిందుంది. నేను అడిగాక వెతికి చూస్తే తుప్పుపట్టి తిరగలేదట, అద్దె ఇంటి యజమానికి చెప్పి మార్పించుకుంది. అపార్టుమెంటులో ఉన్నవాళ్ళు తమ ఫ్లాటుకి విడిగా వాల్వు ఉందో లేదో, అర్ధరాత్రి మెయింటెనెన్సుకి ఏ నంబరుకి చేయాలో మొదటిరోజే ఆఫీసులో అడిగి ఫ్రిజ్ మీద అంటించుకోవాలి.

మేం ప్రతి నవంబరులోనూ తోట కుళాయిల రబ్బరు గొట్టాలు విప్పి, వాటికి తొడుగులు వేస్తాం. అటకలో పైపులన్నిటికీ నురగ తొడుగులు పడ్డాయి. చలి హెచ్చరిక వచ్చిన రాత్రి అన్ని కుళాయిలూ, ముఖ్యంగా ఆ చివరి గదిలోదీ, సన్నగా వదిలి, బయటి గోడల్ని ఆనుకున్న సింకుల కింది తలుపులు తెరిచి పెడతాం. ఊరెళ్తే మెయిన్ కట్టి పైపులు ఖాళీ చేసి వెళ్తాం.

మొన్న నవంబరులో బాబు మీటరు పెట్టె మూత తనే లేపాడు. కీ తగిలించి పావు చుట్టు తిప్పి, మోకాళ్ళ మీద వంగి త్రికోణాన్ని చూశాడు. తర్వాత తెనాలికి వీడియో కాల్ చేసి, ఫోను పెట్టెలోకి వంచి అమ్మమ్మకి చూపించాడు.