పాత రాతి ఇంటికి మరమ్మతులు: ఇంటిల్లిపాదికీ శ్వాసరక్షణ

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిలోనే కాపురం చేస్తూ, ఆ ఇంటినే విప్పి, పెంచి, తిరిగి కట్టుకొనడం ఎంతటి పరీక్షయో మాత్రం ఆ సామెత చెప్పలేదు. ఖర్చు, కాలం, శ్రమ అందరూ ముందుగానే లెక్క వేసుకొంటారు. ఆ నెలలలో ఇంటిల్లిపాదీ పీల్చవలసిన గాలిని గురించి ఆలోచించేవారు అరుదు.

మా వారు ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన పిదప, మేము ఉక్కునగరం క్వార్టర్సు విడిచి విశాఖపట్నం పాతనగరంలోని పూర్వీకుల ఇంటికి వచ్చాము. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యే నాటికే ఆ ఇల్లు ఉన్నదని మా వారి తాతగారు చెప్పేవారట. రెండడుగుల మందం గల రాతి గోడలు, సున్నపు కట్టుబడి, టేకు తలుపులు. వయస్సు ఎనభై దాటిన మా అత్తగారికి చిరకాలంగా ఉబ్బసం. ఆమె కొరకు పెరటివైపు ఒక గది, దానికి ఆనుకొని స్నానాల గది కట్టించవలెననీ, చెమ్మ పట్టిన పాత గోడలను బాగు చేయించవలెననీ సంకల్పించాము. పని ముగిసే వరకు అద్దె ఇంటికి పోదామంటే ఆమె ససేమిరా అన్నారు. కనుక ఆ ఇంటిలోనే ఉంటూ, ఆమె ఊపిరికి ముప్పు రాకుండా పని జరిపించుకొనడమే మా ముందున్న సమస్య.

శాస్త్రం చెప్పిన మూడు హేతువులు

చరకసంహిత చికిత్సాస్థానంలో శ్వాసరోగానికి చెప్పిన కారణాలలో ధూళి, పొగ, చల్లని చెమ్మ తావున నివాసం ఉన్నవి. తమకశ్వాస అనబడే ఉబ్బసం మబ్బు పట్టినపుడు, చలిలో, తూర్పుగాలిలో హెచ్చునని కూడ అందు కలదు. సముద్రతీరవాసులకు ఈ మాటలకు వ్యాఖ్యానం అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడ ఇంటిలోని చెమ్మకూ, బూజుకూ ఉబ్బసంతో గల సంబంధాన్ని స్పష్టపరచినవి. ఇంటి మరమ్మతులో ఈ మూడు హేతువులూ ఒక్కసారిగా చుట్టుముడతాయి. వాటిని విడివిడిగా ఎదుర్కొనడమే ఉపాయం.

చెమ్మ: రాతి స్వభావం తెలిసి చేయవలసిన వైద్యం

విశాఖ కొండలలో విరివిగా లభించే రాయి పేరు ఖొండలైటు. 1902లో వాకర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు తూర్పు కనుమలలోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా ఈ పేరు పెట్టాడు. డాల్ఫిన్ నోస్ కొండ ఈ రాతిదే. కోణార్క సూర్యదేవాలయం కూడ ప్రధానంగా ఈ జాతి రాతితోనే కట్టబడినది. గ్రానైటు వలె ఇది గట్టిది కాదు. ఇందులోని ఫెల్డ్‌స్పార్ కాలక్రమాన బంకమన్నుగా మారుతుంది. సన్నని రంధ్రాలలో నీరు చేరుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ నీటితో లోనికి పోయి, ఆరినపుడు స్ఫటికాలై, రాతి రేణువులను లోపలినుండి నెట్టివేస్తుంది. గోడ అడుగున తెల్లని పొడి రాలడానికి కారణం ఇదే.

సున్నపు పూత ఉన్నంత కాలం, గోడలో చేరిన తేమ ఆ పూతగుండా బయటకు ఆరిపోతుంది. సిమెంటు పూత బిగువైనది. తేమను తేలికగా పోనివ్వదు. మా గోడలకు ముప్పై ఏళ్ల క్రిందట ఒక మేస్త్రి సలహాపై లోపల, బయట సిమెంటు పూత వేయించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినపుడు పగుళ్లగుండా లోనికి చేరిన నీటికి త్వరగా ఆరే దారి లేకపోయినది. అప్పటినుండి అత్తగారి మంచం ప్రక్క గోడ ఏడాది పొడవునా నల్లని బూజుతో ఉండేది. ఎన్ని మందులు వాడినా, ఆ గోడ ప్రక్కన పడుకొన్నంత కాలం ఆమె దగ్గు తగ్గలేదు.

అందుచేత సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టి, ముందుగా పై కప్పు కారుటను, గోడ వెంట నీరు నిలుచుటను మాన్పించాము. తరువాత సిమెంటు పూతను, ఉప్పు గీత కనబడిన చోటుకు పైన మరొక మూర ఎత్తు వరకు, ఊడదీయించాము. రాయిని నెలకు పైగా ఆరనిచ్చి, సందులను సున్నంతో నింపించి, సున్నపు పూతే వేయించాము. మన పూర్వులు గానుగ సున్నంలో కరక్కాయ ఊరిన నీరు, బెల్లం నీరు కలిపేవారు. బెల్లం సున్నం త్వరగా బిగియకుండా చేసి పనికి అనువు కలిగిస్తుంది. త్రిఫలలో మొదటిదైన కరక్కాయ గోడకు కూడ ఉపయోగపడుట విన్నప్పుడు మా అత్తగారు నవ్వి, "దానికి తెలియని వైద్యం లేదు" అన్నారు.

పొడి సున్నంపై నీరు పోసినపుడు అది సలసల మరుగుతుంది. పిల్లలను ఆ చాయలకు రానీయరాదు. సున్నం కంట పడినచో ఆముదం, పాలు వంటివి వేయక, వెంటనే మంచినీటి ధారతో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

ధూళి: కంటికి కనబడనిదే ప్రమాదకరం

నేలపై పడిన దుమ్ము ఊడ్చితే పోతుంది. కంటికి కనబడని సన్నని రాతిపొడి గంటల తరబడి గాలిలో తేలుతూ, ఊపిరితిత్తుల లోతులకు పోతుంది. రాయిలో, ఇసుకలో, సిమెంటు కాంక్రీటులో ఉండే సిలికా ధూళి దీర్ఘకాలం పీల్చేవారికి సిలికోసిస్ వ్యాధి కలుగుతుంది. దీనిని క్యాన్సరు కారకంగా 1997లోనే అంతర్జాతీయ సంస్థ గుర్తించినది. పనివారికి ఈ ముప్పు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారికి ఎన్95 మాస్కులు ఇచ్చుట యజమాని విధి. తలగుడ్డ ముక్కుకు చుట్టుకొంటే ఈ పొడి ఆగదు.

మేము ఒకేసారి ఇల్లంతా తవ్వించక, ఒక్కొక్క గది చొప్పున పని చేయించాము. పని జరిగే గదికీ, నివసించే గదులకూ నడుమ టార్పాలిన్ పట్టా పైనుండి నేల వరకు కట్టి అంచులు అంటించాము. గోడ తడిపిన తరువాతనే చెక్కించాము. రాళ్లు, టైల్సు వీధివైపు ఆరుబయట, నీరు పోస్తూ కోయించాము. చీపురు మాని, తడిగుడ్డతోనే తుడిచాము. బియ్యం, పప్పుల డబ్బాలు, త్రాగునీటి బిందెలు మూతలతో దూరపు గదిలో ఉంచాము.

పాత పూత ఊడదీసిన నాలుగు రోజులు మాత్రం అత్తగారిని ఎం.వి.పి. కాలనీలోని మా ఆడపడుచు ఇంటికి పంపాము. పెరటిలోని తులసికోటను కదపరాదనీ, రోజూ సాయంత్రం నేనే దీపం పెట్టవలెననీ ఆమె షరతు విధించారు. ఆ కోట కొరకే కొత్త గదిని మూడడుగులు జరిపి కట్టించాము. ఇప్పుడు ఆ మూడడుగుల ఖాళీయే పాత గోడకూ, కొత్త గది కిటికీకీ గాలి, వెలుతురు ఇస్తున్నది. కొత్త గదికి పునాదులు, స్తంభాలు వేరుగా వేయించినందున దాని బరువు పాత రాతిగోడపై పడలేదు. సముద్రం దగ్గరి బావుల నీరు ఉప్పగా ఉంటుంది. ఇనుప కడ్డీలు వేసే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం చెప్తున్నది. కనుక ఆ పనికి బావినీరు వాడనీయలేదు.

కాంక్రీటు తడపడానికి నింపిన తొట్లు, పీపాలలో దోమలు గ్రుడ్లు పెడతాయి. గ్రుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుండి పది రోజులు చాలు. వారానికొకసారి నీరు పూర్తిగా ఒంపి, లోపలి అంచులు గట్టిగా రుద్ది ఆరబెట్టినచో డెంగ్యూ భయం తగ్గుతుంది.

పొగ: మంచిదనుకొని చేసే హాని

దుమ్ము వాసన పోవుటకు సాంబ్రాణి, దోమలు పోవుటకు వేపాకు పొగ వేయుట మన అలవాటు. ఉబ్బసం గలవారి ఇంటిలో, అందునా తలుపులు మూసిన గదిలో, ఏ పొగయైనా హానికరమే. ఆ నెలలలో మేము దోమతెరనే నమ్ముకొన్నాము.

పాత తలుపుల చెక్కను నీళ్లు కాచుకొనడానికి పొయ్యిలో పెట్టుట మరింత ప్రమాదం. పాత రంగులలో సీసం ఉండవచ్చును. మన దేశంలో ఇంటి రంగులలో సీసాన్ని పది లక్షలకు 90 పాళ్లకు పరిమితం చేసిన నియమం 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చినది. పాత రంగును పొడిగా గీకరాదు, మంటతో కాల్చరాదు. తడిపి గీకి, ఆ పెచ్చులను మూటగట్టి పారవేయవలెను. గర్భిణులు, పసిపిల్లలు దగ్గర ఉండరాదు.

ఇంటిలో పాటించదగిన ఉపచారాలు

1. ఉదయం ప్రతి నాసికలో రెండు చుక్కల గోరువెచ్చని నువ్వులనూనె. దీనినే ప్రతిమర్శ నస్యం అంటారు. జలుబు, జ్వరం ఉన్నపుడు, భోజనం చేసిన వెంటనే పనికిరాదు. పసిపిల్లలకు వేయరాదు.

2. సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీటితో గాని, చల్లార్చిన త్రిఫల కషాయంతో గాని పుక్కిలింత.

3. పొడిదగ్గుకు పది తులసి ఆకులు, మూడు మిరియాలు, చిటికెడు సొంటిపొడి గ్లాసెడు నీటిలో సగమయ్యే వరకు కాచి త్రాగవచ్చును. కడుపులో మంట గలవారు మిరియాలు మానవలెను.

4. దుమ్ములో పనిచేసినవారు బెల్లం తినుట ఆచారం. గొంతుకు హాయిగా ఉండవచ్చును గాని, ఊపిరితిత్తులలో చేరిన రాతిపొడిని అది బయటకు తీయునని నమ్మరాదు. మధుమేహులు దీని జోలికి పోరాదు.

5. సిమెంటు, సున్నం తగిలిన చేతులను వెంటనే మంచినీటితో కడిగి, ఆరిన పిదప కొబ్బరినూనె రాయవలెను.

ఇవి ఉపశమనాలే. వైద్యులు ఇచ్చిన ఇన్‌హేలరును ఎట్టి పరిస్థితిలోను మానరాదు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలిబారుట, ఇన్‌హేలరుకు లొంగకపోవుట కనిపించినచో కషాయాలతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను.

పని ఐదు నెలలు పట్టినది. ఆ కాలంలో అత్తగారికి ఒక రాత్రి మాత్రం ఆయాసం హెచ్చి నెబులైజరు పెట్టవలసి వచ్చినది. అది పక్కింటివారు చెత్త తగులబెట్టిన రాత్రి. కొత్త గదిలో రంగుల వాసన పూర్తిగా పోయే వరకు, సుమారు మూడు వారాలు, ఆమెను అందులో పడుకోనీయలేదు. రాతిలో మిగిలిన ఉప్పు వానాకాలం తరువాత కొంత బయటకు వచ్చినది. ఇంకా కొన్నేళ్లు వస్తుందట. దానిని మెత్తని బ్రష్షుతో దులిపి, ఏటా సంక్రాంతికి సున్నం వేయిస్తే చాలునని మేస్త్రి చెప్పాడు. ఆ ఖర్చును ఏటి మందుల ఖర్చు ప్రక్కనే వ్రాసుకొన్నాము.