గైడు వెంట ఒక రోజు హంపి

హంపిలో ప్రైవేటు గైడెడ్ టూర్ అంటే ఒక కుటుంబమో, నలుగురైదుగురు స్నేహితులో తమ కోసమే ఒక గైడును, ఒక బండిని మాట్లాడుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా విజయనగర శిథిలాల మధ్య తిరగడం. యాభైమందితో వచ్చే బస్సు టూరులో ఎక్కడ ఎంతసేపు ఆగాలో నిర్వాహకులు నిర్ణయిస్తారు. ఇక్కడ ఆ నిర్ణయం చూడవచ్చినవారిది. ఒక శిల్పం దగ్గర అరగంట నిలబడాలన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఒక కొండ వదిలేయాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. హంపి లాంటి చోట ఈ వెసులుబాటు చాలా విలువైనది. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ ప్రాంతం నలభై చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. అందులో నిలిచి ఉన్న కట్టడాలు, శిథిలాలు 1,600కు పైమాటే. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూసినట్టు ఉండదు. ఏవి వదిలేయాలో తెలిసిన గైడు దొరకడమే సగం యాత్ర.

హంపికి చేరువలోని పట్టణం హోసపేట, పదమూడు కిలోమీటర్ల దూరం. విజయవాడ వైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్, తిరుపతి నుంచి హరిప్రియ ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, బళ్లారి దాటి ఈ స్టేషన్ మీదుగానే వెళతాయి. 2021లో విజయనగర జిల్లా ఏర్పడ్డాక హోసపేటే దానికి ముఖ్యపట్టణం. రాత్రి అక్కడో, కమలాపురంలోనో బస చేసి తెల్లవారుజామునే బయలుదేరితే రోజు కలిసొస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడానికి అనువైన కాలం. ఎండాకాలంలో పదకొండు గంటలకే బండలు కాలిపోతుంటాయి. చెప్పులు విప్పి నడవాల్సిన గుడి ప్రాంగణాల్లో పిల్లలు, ముసలివాళ్లు అడుగు వేయలేరు.

గైడును ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కర్ణాటక పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు. రెండోది భాష. బళ్లారి ప్రాంతంలో కన్నడం, తెలుగు రెండూ ఇళ్లలో వినిపిస్తాయి కాబట్టి తెలుగులో చెప్పగల గైడును వెతకడం కష్టం కాదు. రుసుము సాధారణంగా మనిషికి ఇంత అని ఉండదు. పూటకో, రోజుకో, బృందం మొత్తానికి కలిపి ఉంటుంది. అందుకే నలుగురు పంచుకుంటే భారం అనిపించదు. ఎన్ని గంటలు తిప్పుతారు, ప్రవేశ టికెట్లు ఎవరు కొనాలి, బండి బాడుగ గైడు రుసుములో కలిసిందా విడిగా ఇవ్వాలా అన్నవి బయలుదేరకముందే తేల్చుకోవాలి. డ్రైవరు దారి చూపుతాడు, పేర్లు కూడా చెబుతాడు. అయితే గైడు పని వేరు. ఒకే మనిషి రెండు పనులూ చేస్తానంటే రెండోది చాలావరకు పేర్లు వల్లించడం దగ్గరే ఆగిపోతుంది. దుకాణాలకు తీసుకెళ్లవద్దని ముందే మర్యాదగా చెప్పడం ఇద్దరికీ మంచిది.

తిరిగే వరుసలో పొద్దుటిపూటకు హేమకూటం, విరూపాక్ష ఆలయం సరిపోతాయి. హేమకూటం ఎత్తయిన కొండేమీ కాదు, వాలుగా ఉన్న పెద్ద బండ. దాని మీద మెట్లుమెట్లుగా రాతి శిఖరాలున్న చిన్న గుళ్లలో కొన్ని విజయనగరం పుట్టకముందువి. హరిహరరాయలు, బుక్కరాయలు 1336లో రాజ్యం స్థాపించేనాటికే ఇది పంపాక్షేత్రంగా పేరున్న చోటని ఆ గుళ్లే చెబుతాయి. ఇక్కడి నుంచి చూస్తే చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. వాలి సుగ్రీవులు యుద్ధంలో విసురుకున్న రాళ్లని స్థలపురాణం. భూగర్భ శాస్త్రం చెప్పేది వేరు: దాదాపు రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు అరిగి, ఉన్నచోటనే గుండ్రాళ్లుగా విడిపోయింది. భూకంపాలు దొర్లించినవి కావు. ఈ రెండు కథలనూ చెప్పి, ఏది ఏదో విడదీసి చూపే గైడు మంచి గైడు. ఈ కొలబద్దను రోజంతా వాడవచ్చు.

విరూపాక్ష ఆలయం శిథిలం కాదు. పూజలందుకుంటున్న గుడి. తూర్పు గాలిగోపురం తొమ్మిది అంతస్తులతో సుమారు యాభై మీటర్ల ఎత్తు. లోపలి చిన్న గోపురాన్ని, రంగమంటపాన్ని శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా కట్టించినట్టు 1510 నాటి శాసనం ఉంది. రంగమంటపం పైకప్పు మీది చిత్రాల్లో విద్యారణ్యుల పల్లకి ఊరేగింపు ఒకటి. మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూడాల్సిందే. గర్భగుడి వెనుక ఒక చీకటి గదిలో, గోడకున్న చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు పెద్ద గోపురం నీడను ఎదుటి గోడ మీద తలకిందులుగా పడేస్తుంది. తొలినాటి కెమెరాలు పనిచేసిన సూత్రమే ఇది. హైస్కూలు పిల్లలు వెంట ఉంటే పాఠ్యపుస్తకంలోని కాంతి పాఠం అక్కడే అర్థమైపోతుంది.

హేమకూటం దక్షిణపు వాలులో రెండు పెద్ద వినాయక విగ్రహాలున్నాయి. వాటి పేర్లు సాసివెకాళు గణేశుడు, కడలెకాళు గణేశుడు. కన్నడంలో సాసివె అంటే ఆవాలు, కడలె అంటే శనగలు. సాసివెకాళు మంటపాన్ని చంద్రగిరి వర్తకుడొకడు 1506లో కట్టించినట్టు శాసనం చెబుతోంది. కొంచెం ముందుకు వెళితే బాలకృష్ణుడి ఆలయం. గజపతుల చేతుల్లో ఉన్న నెల్లూరు సీమలోని ఉదయగిరి కోటను గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి 1515లో ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నెల్లూరు సీమ నుంచి వచ్చినవారికి ఈ ఖాళీ గర్భగుడి దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఏకశిలా నరసింహ విగ్రహం గైడు విలువ బాగా తెలిసే చోటు. 1528లో చెక్కిన ఈ విగ్రహం ఎత్తు 6.7 మీటర్లు. ఆదిశేషుని చుట్టల మీద కూర్చున్న స్వామి తల మీద ఏడు పడగలు. గుడ్లురిమే కళ్లు, తెరిచిన నోరు చూసి అందరూ ఉగ్రనరసింహుడు అంటారు. ఒంటరిగా వచ్చినవారు ఒక ఫొటో తీసుకుని అదే పేరుతో వెళ్లిపోతారు. అసలు ఇది లక్ష్మీనరసింహుడి విగ్రహం. ఎడమ తొడ మీద ఉండాల్సిన అమ్మవారి ప్రతిమ విరిగిపోయింది. స్వామిని చుట్టిన ఆమె చేయి మాత్రం వీపున అలాగే మిగిలింది. ఆ రాతి వేళ్లను గైడు చూపించాక విగ్రహం స్వభావమే మారిపోయినట్టు ఉంటుంది. మోకాళ్ల మధ్య ఉన్న రాతి పట్టీ విగ్రహం నిలబడటానికి పురావస్తు శాఖ ఇటీవలి కాలంలో తిరిగి అమర్చినది. పక్కనే చిన్న గుడిలో మూడు మీటర్ల బడవిలింగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. ఆ నీళ్లు కాలువవి. విజయనగర రాజుల కాలంలో తవ్విన కాలువల్లో కొన్ని నేటికీ పారుతూ అరటి తోటలను, వరిమళ్లను తడుపుతున్నాయి. రాజధాని పోయి నాలుగున్నర శతాబ్దాలైనా ఇంకా పని చేస్తున్న విజయనగరం ఆ కాలువల్లో ఉంది.

మధ్యాహ్నపు ఎండను తప్పించుకోవడానికి కమలాపురంలో భోజనం చేసి పురావస్తు మ్యూజియం చూడటం మంచి పద్ధతి. జొన్నరొట్టె, వంకాయ కూర ఈ ప్రాంతపు భోజనం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కొండలు, నది, కోటగోడలతో సహా హంపి మొత్తాన్ని చూపే నమూనా మ్యూజియంలో ఉంది. పొద్దుట తిరిగిన చోట్లు, సాయంత్రం తిరగబోయే చోట్లు దాని మీద గుర్తుపట్టాక దిక్కులు తేలికగా తెలుస్తాయి. పురావస్తు శాఖ ఒక్క టికెట్‌తోనే అదే రోజు విఠలాలయం, రాణివాసం ఆవరణ, ఈ మ్యూజియం మూడూ చూడనిస్తుంది కాబట్టి దాన్ని సాయంత్రం దాకా భద్రంగా ఉంచుకోవాలి.

రాజప్రాంగణంలోకి అడుగుపెట్టగానే చాలామంది అడిగేది "రాజుగారి కోట ఏది?" అని. కనిపించేవి పునాదులే. భవనాల పైభాగాలు చాలావరకు కలపతో కట్టినవి. 1565 జనవరి 23న రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు పరివారంతో పెనుకొండకు తరలిపోయాడు. ఆ తర్వాత శత్రువులు పట్టణాన్ని తగలబెట్టారు. కలప కాలిపోయింది, రాయి మిగిలింది. మహానవమి దిబ్బ కూడా అలా మిగిలిన వేదికే. దాని పక్కల వేట, గుర్రాలు, నాట్యకత్తెలు, విదేశీ వర్తకులు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నారు. ఇక్కడ తొమ్మిది రోజులు జరిగిన ఉత్సవాన్ని పోర్చుగీసు యాత్రికులు పేస్, న్యూనిజ్ వివరంగా రాసిపెట్టారు. దిబ్బ ఎక్కినవారికి ఆ వివరణను గైడు నోట వినడం వల్ల ఖాళీ మైదానం నిండుతుంది.

దిబ్బకు దగ్గరగా ఉన్న మెట్ల కోనేరు 1980ల తవ్వకాల దాకా మట్టిలో పూడి ఉంది. నల్లని నునుపు రాతితో, నాలుగు వైపులా చిన్న చిన్న మెట్ల గుంపులతో కొలత తప్పకుండా కట్టిన కోనేరు అది. కంచె దగ్గర నిలబడి జాగ్రత్తగా చూస్తే రాళ్ల మీద చిన్న అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఏ రాయి ఏ దిక్కున ఏ వరుసలో రావాలో గుర్తుగా శిల్పులు వేసుకున్నవి. రాళ్లన్నీ వేరే చోట చెక్కి, గుర్తులు పెట్టి, తెచ్చి ఇక్కడ పేర్చారన్నమాట. రాజుల పేర్లే వినిపించే హంపిలో పనివాళ్ల చేతిరాత కనిపించే చోటు ఇది. ఇక్కడ తొందరపడితే నష్టమే.

హజారరామాలయం గోడల మీద రామాయణం మూడు వరుసల్లో నడుస్తుంది. గైడుతో కలిసి గుడి చుట్టూ ప్రదక్షిణగా తిరుగుతూ కథ క్రమంలో చూడాలి. రాణివాసం ఆవరణలో కమల మహల్, దాని వెనుక పదకొండు గదుల ఏనుగుశాల ఉన్నాయి. గుమ్మటాలు, కమానులు మహమ్మదీయ వాస్తు పద్ధతివి, పైభాగపు అలంకారాలు గుడి పద్ధతివి. రెండు సంప్రదాయాల పనితనం ఒకే గోడలో కలిసింది. ఒక్క జాగ్రత్త అవసరం. కమల మహల్, రాణి స్నానఘట్టం వంటి పేర్లు తర్వాతి కాలంలో పెట్టినవి. అక్కడ రాణులే ఉండేవారనడానికి ఆ పేర్లు సాక్ష్యం కావు. తెలుగువారు ఆశగా అడిగే భువనవిజయం విషయమూ అంతే. పెద్దన, తిమ్మన కూర్చున్న సభ ఎక్కడని అడిగితే, నిజాయతీ గల గైడు ఏదో ఒక పునాదిని చూపి ఇదేనని చెప్పేయడు. ఆముక్తమాల్యద రాసిన రాజు తిరిగిన ప్రాంగణం ఇదని చెబుతాడు. అది చాలు.

ఎండ తగ్గాక విఠలాలయం. బండ్లు ఆపే చోటు నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. దారి ఒక కిలోమీటరు లోపే. ఓపిక ఉన్నవారు ఒకవైపయినా నడవడం మేలు. గెజ్జల మంటపం, గుర్రపు బొమ్మల మంటపం, కోనేరు, పాత అంగళ్ల రాతి స్తంభాల వరుసలు దారిలోనే ఉన్నాయి. బండిలో వెళితే అవి వెనక్కి జారిపోతాయి.

ప్రాంగణంలోని రాతిరథం 2017 నుంచి కొత్త యాభై రూపాయల నోటు మీద ఉంది. పేరుకు రథమైనా నిజానికి గరుత్మంతుడి గుడి. ముందున్న రెండు ఏనుగులు మొదటివి కావు. అక్కడ గుర్రాల బొమ్మలుండేవి. ఏనుగుల వెనుక ఆ గుర్రాల వెనుక కాళ్లు, తోకల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం కూడా ఉండేది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో అది స్పష్టంగా ఉంది. ఆ ఫొటో ప్రతిని ఫోనులోనయినా చూపే గైడు ఉంటే, నోటు మీది బొమ్మ, ఎదుటి రథం, నాటి ఫొటో మూడింటినీ పోల్చి చూసుకోవచ్చు. మహామంటపంలో ఒక్కో పెద్ద స్తంభం చుట్టూ ఒకే రాతిలో చెక్కిన సన్నని కంబాలు తడితే రకరకాల స్వరాలు పలుకుతాయి. తట్టడం ఇప్పుడు నిషిద్ధం. లక్షల చేతులు తడితే ఏ రాయైనా అరుగుతుంది. "ఒక్కసారి కొట్టి చూపిస్తా" అనే గైడును అక్కడే వారించాలి.

సూర్యాస్తమయానికి మాతంగ పర్వతం పేరుపొందింది. వాలి శాపభయంతో అడుగుపెట్టలేడు కాబట్టి సుగ్రీవుడు తలదాచుకున్న చోటు ఇదేనని స్థానికుల నమ్మకం. ఎక్కడం కొంచెం కష్టం, చీకటి పడ్డాక దిగడం ఇంకా కష్టం. పెద్దవాళ్లున్న బృందాలు హేమకూటం మీదే కూర్చోవడం సురక్షితం.

ఒక్క రోజు ప్రణాళికలో తుంగభద్ర అవతలి ఒడ్డును ఇరికించకపోవడమే మంచిది. ఆనెగొంది కోట, పంపా సరోవరం, 575 మెట్లున్న అంజనాద్రి అటువైపున్నాయి. వాటికి మరో రోజు కావాలి. నదిలో పుట్టి ఎక్కి దాటడం పిల్లలకు సరదా. కానీ వానాకాలంలో డ్యాము గేట్లు ఎత్తినప్పుడు పుట్టీలు ఆపేస్తారు. అప్పుడు బుక్కసాగరం దగ్గరి వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. రెండో రోజు కూడా అదే గైడు కావాలంటే మొదటి రోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి. సెలవు రోజుల్లో మంచి గైడ్లు ఖాళీగా దొరకరు.